చెప్పుకోలేని చోట పులిపిర్లు – పూత మందుల సంగతి



మెడమీద ఒక పులిపిరి లేస్తే మనం దాచుకోం. ఇరుగమ్మకూ పొరుగమ్మకూ చూపిస్తాం, తలా ఒక చిట్కా చెప్తారు. అదే పులిపిరి మర్మస్థానంలో లేచిందనుకోండి, ఇక ఆ మాట పెదవి దాటదు. తల్లికి చెప్పరు, తోడికోడలికి చెప్పరు, కట్టుకున్నవాడికి అసలే చెప్పరు. స్నానాల గదిలో చేతికి తగిలి గుండె గుభేలుమంటే, "రేపటికి పోతుందిలే" అని సరిపెట్టుకుంటారు. చాలామందికి రేపటికి పోదు. రెండు నెలలు తిరిగేసరికి ఒకటి నాలుగవుతుంది. అప్పుడు మొదలవుతాయి సొంత వైద్యాలు.

ఈ వేళ మీతో మాట్లాడదలచుకున్నది ఆ పులిపిర్ల గురించీ, వాటిమీద పూసే మందుల గురించీ. ఇంట్లో పిల్లలున్నారే అని ఎవరూ కంగారుపడకండి. ఈడొచ్చిన ఆడపిల్ల చెవిన పడినా నష్టం లేదు సరికదా, లాభమే.

మన రాయలసీమలో ఒంటికి ఏమొచ్చినా మొదట అనే మాట "వేడి చేసింది" అని. సెగగడ్డలకు వేడి, కళ్ల ఎరుపుకు వేడి, దీనికీ వేడే. కర్నూలు, కడప ఎండల్లో బతికేవాళ్లం కనుక ఆ మాట నోటికి సులువుగా వస్తుంది. కాని ఈ పులిపిర్లకు ఎండతో సంబంధం లేదు. మజ్జిగ తాగితే తగ్గవు, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగినా తగ్గవు. వీటికి కారణం హెచ్.పి.వి. అనే వైరస్. అందులో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చేతివేళ్లకు, పాదాలకు పులిపిర్లు తెప్పించే రకాలు వేరు, మర్మస్థానంలో తెప్పించేవి వేరు. ఈ రెండోవాటిలో నూటికి తొంభై వంతులు 6, 11 అనే నంబర్ల రకాలవల్ల వచ్చేవే. ముఖ్యంగా సంసారంలో చర్మానికి చర్మం తగలడం వల్ల ఇవి ఒకరినుంచి ఒకరికి అంటుకుంటాయి.

ఇక సొంత వైద్యాల సంగతి. మన ఊళ్లలో పులిపిరికి సున్నమూ బట్టల సోడా కలిపి చుక్క పెడతారు. పొలం గట్టున జిల్లేడు ఎప్పుడూ ఉంటుంది, ఆకు తుంచి పాలు పూస్తారు. జీడిగింజ కాల్చి అంటిస్తారు. గుర్రపు వెంట్రుకతో ముడి వేస్తారు. వేలిమీద మందంగా ఉన్న చర్మానికి ఇవి చేసినప్పుడు కాలి, పొక్కి, ఒక్కోసారి పులిపిరి రాలిపోయే మాట నిజమే. అందుకే ఆ వైద్యంమీద మనకంత నమ్మకం. కాని మర్మస్థానపు చర్మం కంటిరెప్పంత పలుచన. కర్నూలు పాత ఊరినుంచి ఒక ఇల్లాలు నా దగ్గరికి నడవలేక నడుస్తూ వచ్చింది. "డాక్టరమ్మా, ఏలికి లేసినప్పుడు మా అవ్వ సున్నం సోడా పెడితే రాలిపోయిండె. అదే పెట్టినా" అంది. పులిపిరి రాలలేదు. దాని చుట్టూ రూపాయి బిళ్లంత పుండు పడింది, చీము పట్టింది. ముందు ఆ పుండు మానడానికే మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ పులిపిరి దాని మానాన అది హాయిగా ఉంది.

పట్నవాసంలో ఉన్నవాళ్లు సున్నం పెట్టరు, మందుల షాపుకి పోతారు. అక్కడా తాము పోరు, పనిపిల్లనో పిల్లవాడినో పంపి "దురదకు ట్యూబు" అని అడిగిస్తారు. వచ్చేది చాలాసార్లు స్టెరాయిడూ, తామర మందూ, యాంటీబయాటిక్కూ మూడూ కలిపిన క్రీము. పూయగానే దురద, మంట తగ్గి చల్లగా ఉంటుంది, అందుకే దానికి అంత గిరాకీ. పులిపిర్లమీద మాత్రం దాన్ని పూయకూడదు. ఎంచేతంటే స్టెరాయిడు ఆ చోట చర్మానికున్న కాపుదలను నిద్రపుచ్చుతుంది. వైరస్‌కి కావలసింది అదే. ఇక ఆనెలకూ పాదాల పులిపిర్లకూ వాడే యాసిడ్ మందు ఇంకొకటి ఉంది. అది అరికాలికి చేసిన మందు. ఆ చోట వాడితే సున్నానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

మందు మాట తర్వాత. అసలది పులిపిరేనా అన్నది ముందు తేలాలి. కొందరు స్త్రీలకు లోపలి పెదవుల అంచున సన్నని గింజల్లాంటివి ఒకే కొలతలో, వరుసగా ఉంటాయి. అవి పుట్టుకతో వచ్చిన తీరు, రోగం కాదు, మందు అక్కర్లేదు. వాటిని చూసుకుని నెలల తరబడి నిద్రపోనివాళ్లు నాకు తెలుసు. నడిమధ్య చిన్న గుంటతో ముత్యంలా మెరిసే పొక్కులు మరొక వైరస్‌వి. అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది సవాయి రోగం, అదే సిఫిలిస్. దాని రెండో దశలో బల్లపరుపుగా, తడితడిగా ఉండే బుడిపెలు వస్తాయి. చూడ్డానికి పులిపిర్లలాగే ఉంటాయి. వాటిమీద ఏ క్రీము పూసినా దండగ. వాటికి కావలసింది పెన్సిలిన్ ఇంజెక్షను. అందుకే డాక్టరు రక్తపరీక్ష రాస్తే "నన్ను అనుమానిస్తున్నారా" అని చిన్నబుచ్చుకోకండి. ఆ పరీక్ష, దానితోపాటు హెచ్.ఐ.వి. పరీక్ష, ఈ బాధతో వచ్చిన అందరికీ చేయించడం పద్ధతి.

పులిపిరే అని తేలాక, ఏ మందు? ఇందులో ఒక చిన్న చరిత్ర ఉంది. హిమాలయాల్లో పెరిగే ఒక మొక్క వేరునుంచి పొడోఫిలిన్ అనే జిగురు తీస్తారు. అదే జాతి మొక్క అమెరికాలోనూ ఉంది. 1942లో కప్లాన్ అనే అమెరికా డాక్టరు ఈ జిగురు పూస్తే మర్మస్థానపు పులిపిర్లు రాలిపోతాయని ప్రకటించాడు. అప్పటినుంచి కొన్ని దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ఇదే మందు. గోధుమరంగు ద్రవం, డాక్టరే పుల్లతో పూసి, నాలుగు గంటలు మించకుండా కడిగేసుకోమని చెప్పి పంపేవారు. మంచి మందే, కాని విషం. ఎక్కువ మేర పూస్తే, పుండుమీద పూస్తే రక్తంలోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. పైగా ఒక్కో సీసాలో ఒక్కో బలం. కాబట్టి ఇది ఇంటికి తెచ్చుకునే మందు కాదు. ఎవరైనా సీసా చేతిలో పెట్టి "మీరే పూసుకోండి" అంటే, తిరిగి ఇచ్చేయండి.

ఆ జిగురులోంచి అసలు పనిచేసే పదార్థాన్ని వేరుచేసి, బలం కొలిచి చేసినది పొడోఫిలోటాక్సిన్. 0.5 శాతం ద్రవంగా దొరుకుతుంది. దీన్ని ఇంట్లో పూసుకోవచ్చు. ఉదయం, సాయంత్రం మూడు రోజులు పూసి, నాలుగు రోజులు మానేయాలి. అలా ఒక వారం ఒక విడత. నాలుగు విడతలకు మించి వద్దు. పులిపిరిమీదనే పడాలి, పక్క చర్మంమీద పడకూడదు. అక్కడే ఆడవాళ్లకు చిక్కు. మగవాడికి కంటికి కనపడుతుంది, మనకు కనపడదు. అద్దం పెట్టుకుని, దీపం దగ్గరగా ఉంచుకుని, దూది చుట్టిన పుల్లతో పూయాలి. పూశాక ఆరేదాకా కాళ్లు దగ్గరికి చేర్చకూడదు. అందుకే మొదటిసారి డాక్టరు దగ్గరే పూయించుకుని, ఎక్కడెక్కడ ఉన్నాయో అద్దంలో చూపించమని అడగండి. సిగ్గుపడితే మందు పక్కకు పోతుంది.

ఈ రోజుల్లో స్త్రీలకు ఎక్కువగా రాసేది ఇమిక్విమాడ్ అనే 5 శాతం క్రీము. 1997లో అమెరికాలో ఈ పులిపిర్లకు అనుమతి పొందింది. దీని తమాషా ఏమిటంటే, ఇది పులిపిరిని కాల్చదు, కోయదు. అక్కడి చర్మాన్ని తట్టిలేపి "దొంగ ఇంట్లో ఉన్నాడు చూడు" అని చెప్తుంది. ఆ తర్వాత పనంతా మన ఒంటిదే. కాబట్టే ఆలస్యంగా పనిచేస్తుంది, కాబట్టే ఓపిక కావాలి.

వాడే తీరు చెప్తాను, కాగితం పెన్సిలు ఉంటే రాసుకోండి. వారానికి మూడు రాత్రులు, ఒక రాత్రి విడిచి ఒక రాత్రి. సోమ, బుధ, శుక్రవారాలు అని డాక్టర్లు అలవాటుగా రాస్తారు. శుక్రవారం తలంటూ పూజా పెట్టుకునేవాళ్లు మంగళ, గురు, శని అనుకోండి, మందుకు వారంతో పట్టింపు లేదు. పడుకోబోయేముందు సబ్బుతో కడుక్కుని, తడి పూర్తిగా ఆరనిచ్చి, పులిపిర్లమీద పలుచగా పూసి, తెల్లదనం కనపడకుండా పోయేదాకా మెల్లగా రుద్దాలి. పైన బిగుతు గుడ్డ, ప్లాస్టిక్కు ఏదీ కట్టకూడదు. వదులైన నూలు బట్ట చాలు. ఆరునుంచి పది గంటలు ఉంచి, తెల్లారి సబ్బునీళ్లతో కడిగేయాలి. వేసవిలో మన నీళ్ల ఇక్కట్లు మీకు వేరే చెప్పాలా? కుళాయి వస్తుందో రాదో అని చూడకుండా, మందు పూసుకునే ముందే ఒక బిందె నీళ్లు విడిగా పెట్టుకోండి. కడగకుండా పగలంతా ఉంచేస్తే, చెమటకు తోడై ఒరుసుకుపోతుంది.

క్రీము చిన్న చిన్న పొట్లాల్లో వస్తుంది, ఒక పొట్లం ఒక పూతకు. ఖరీదైన మందే. మిగిలినది మడిచి దాచి మర్నాడు వాడుకోవడం గృహిణులుగా మన సహజ లక్షణం. ఇక్కడ మాత్రం ఆ పొదుపు వద్దు, మిగిలినది పారేయండి. చెయ్యి సబ్బుతో కడుక్కోండి. యోనిలోపల, మలద్వారం లోపల ఈ క్రీము పూయకూడదు, పైచర్మానికి మాత్రమే. క్రీము ఉన్న రాత్రి సంసారం వద్దు. ఒకవేళ తప్పకపోతే ముందు కడిగేయాలి. ఈ క్రీములోని జిడ్డు నిరోధ్ రబ్బరును బలహీనపరుస్తుంది కూడాను.

రెండు మూడు వారాలకి ఆ చోట ఎర్రబడి, మండి, కొద్దిగా పొట్టు లేస్తుంది. "మందు పడలేదు" అని చాలామంది అక్కడే ఆపేస్తారు. కొంచెం ఎరుపు, కొంచెం మంట అంటే మందు పని మొదలుపెట్టిందని గుర్తు. పుండు పడితే, మూత్రం పోసేటప్పుడు తట్టుకోలేని మంట వస్తే, వాపు వస్తే మాత్రం ఆపి డాక్టరుకి చూపించండి. కొద్ది రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్లీ మొదలుపెట్టిస్తారు. కొందరికి ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం వస్తాయి. మాని పోయాక కొందరికి ఆ చోట రంగు కాస్త వెలిసినట్టుంటుంది, ముందే తెలిసి ఉండడం మంచిది.

ఎన్నాళ్లు? పులిపిర్లు పోయేదాకా, కాని పదహారు వారాలు మించకుండా. అంటే నాలుగు నెలలు. 1998లో ప్రచురించిన ఒక అమెరికా పరిశీలనలో ఈ క్రీము వాడిన స్త్రీలలో నూటికి 72 మందికి పులిపిర్లు పూర్తిగా పోయాయి. మగవాళ్లలో నూటికి 33 మందికే పోయాయి. అక్కడి చర్మం మనకు మెత్తన, మందు బాగా దిగుతుంది. ఏదో ఒక్క విషయంలోనైనా మనకు సులువు దక్కింది! మందు ఫలించనివాళ్లకు, పెద్ద పులిపిర్లకు, యోనిలోపల ఉన్నవాటికి డాక్టరు దగ్గర వేరే దారులున్నాయి. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడం, ట్రైక్లోరోఅసిటిక్ యాసిడ్ తాకించడం, కరెంటుతో మాడ్చడం, కత్తిరించడం. ఇవన్నీ వాళ్ల చేతిపని, మన చేతిపని కాదు.

గర్భిణులు, గర్భం వచ్చిందేమో అని అనుమానమున్నవాళ్లు ఈ ముక్క జాగ్రత్తగా వినండి. పొడోఫిలిన్, పొడోఫిలోటాక్సిన్ రెండూ మీకు నిషిద్ధం. ఇమిక్విమాడ్ కూడా వాడరు. గర్భంలో ఈ పులిపిర్లు ఒక్కోసారి గబగబా పెరిగి భయపెడతాయి. అప్పుడు గడ్డకట్టించడమో, ఆ యాసిడో డాక్టరే చేస్తారు. కాన్పయ్యాక చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పులిపిర్లు ఉన్నంతమాత్రాన ఆపరేషను కాన్పు అక్కర్లేదు, దారికి అడ్డంపడేంత పెద్దవైతే తప్ప. చంటిపిల్లకు పాలిస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు నొప్పికి వస్తాను. పులిపిరి పెద్దగా నొప్పి పెట్టదు. నొప్పి పెట్టేది "ఇది నీకు ఎక్కడినుంచి వచ్చింది?" అన్న ప్రశ్న. మన రాయచోటి, రాజంపేట వైపునుంచి ఎందరో కువైట్‌కు పోయి పనిచేస్తున్నారు. రెండేళ్లకోసారి సెలవుమీద వస్తారు. ఆయన వచ్చి వెళ్లిన మూడు నెలలకు ఈమెకు పులిపిర్లు కనిపిస్తాయి. లేదా ఆయన వచ్చేసరికే ఈమెకు ఉంటాయి. ఇక అత్తగారి నోరు, ఊరి నోరు ఎలా ఆడతాయో ఊహించుకోండి. దూరం పోయిన మగవాడిమీద ఈమె అనుమానం ఒకవైపు, ఒంటరిగా ఉన్న ఆడదానిమీద ఇంటిల్లిపాది అనుమానం మరొకవైపు.

వైద్యశాస్త్రం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. వైరస్ అంటుకున్నాక పులిపిరి పైకి రావడానికి వారాలు పట్టవచ్చు, నెలలు పట్టవచ్చు, సంవత్సరాలు కూడా పట్టవచ్చు. అంటుకున్న చాలామందిలో అసలు పైకే రాదు, రెండేళ్ల లోపల ఒళ్లే దాన్ని అణిచేస్తుంది. పెళ్లికి ముందెప్పుడో అంటుకున్నది పదేళ్ల సంసారం తర్వాత లేవవచ్చు. మొగుడికి ఒక్క పులిపిరీ లేకుండా ఆయనలో వైరస్ ఉండవచ్చు, ఆయనవల్లనే ఈమెకు రావచ్చు. ఈమెకు ముందు కనపడిందంటే ఈమె తెచ్చిందని కాదు. ఎప్పుడు వచ్చింది, ఎవరినుంచి వచ్చింది అని చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు. కాబట్టి పులిపిరిని సాక్ష్యంగా పెట్టి ఎవరి శీలంమీదా తీర్పు చెప్పడం కుదరదు. ఈ మాట మీ ఆయనకు మీరు చెప్తే వినకపోవచ్చు, డాక్టరు చేత చెప్పించండి. ఇద్దరూ కలిసి రావడంలో ఇదొక లాభం. ఆయనకు పులిపిర్లు ఉంటే ఆయనకూ మందు. లేకపోతే ఆయన మందు పూసుకోనక్కరలేదు. మీ పులిపిర్లు పోయేదాకా సంసారం మానుకోవడం మేలు, లేదంటే నిరోధ్ వాడండి. అది ముప్పు తగ్గిస్తుందే గాని పూర్తిగా కాపాడదు, అది కప్పని చోట కూడా వైరస్ ఉంటుంది కదా.

మందు పులిపిరిని పోగొడుతుంది గాని వైరస్‌ని వేళ్లతో సహా పెరకదు. అందుచేత మొదటి మూడు నెలల్లో మళ్లీ రావడం మామూలు. మళ్లీ వస్తే మళ్లీ మందు. అది మీ శుభ్రత లోపమూ కాదు, ఆయన మళ్లీ తప్పు చేశాడన్న గుర్తూ కాదు. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకు, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు మానడం ఆలస్యం.

"డాక్టరమ్మా, ఇది క్యాన్సరవుతుందా?" అని గొంతు తగ్గించి అందరూ అడుగుతారు. 6, 11 రకాలు క్యాన్సరు తెచ్చేవి కావు. గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరులో నూటికి డెబ్బై వంతులకు 16, 18 అనే రకాలు కారణం. హెచ్.పి.వి.కీ ఆ క్యాన్సరుకీ లంకె కనిపెట్టిన జర్మనీ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమానం వచ్చింది. అయితే ఒక రకం అంటుకున్నవాళ్లకు మరో రకం కూడా అంటి ఉండవచ్చు. కాబట్టి ముప్పై దాటిన ప్రతి స్త్రీ, పులిపిర్లు ఉన్నా లేకపోయినా, ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. వెనిగర్ లాంటి పలుచని ద్రావకం పూసి చూసే పరీక్ష ప్రభుత్వ వైద్యంలో ఉంది, అయిదేళ్లకోసారి. పది నిమిషాల పని.

ఆడపిల్లలున్న తల్లులు టీకా గురించి కూడా అడుగుతారు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన మన దేశపు టీకా సెర్వావాక్ 2023లో మార్కెట్టులోకి వచ్చింది. 6, 11, 16, 18 నాలుగు రకాలనుంచీ కాపాడుతుంది. తొమ్మిదినుంచి పద్నాలుగేళ్ల లోపు వేయిస్తే బాగా పనిచేస్తుంది. ఇప్పటికే లేచిన పులిపిర్లకు అది మందు కాదు. దీని పేరెత్తితే ఖమ్మం గుర్తుకు రావడం సహజం. 2009లో అక్కడి బాలికలకు పరిశీలన పేరుతో ఈ రకం టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారన్న ఆందోళనతో 2010లో ఆపేశారు. మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కాని హాస్టలు పిల్లలకు తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోలేదని తప్పుపట్టారు, ఆ తప్పుపట్టడం న్యాయమే. మీ పిల్లకు వేయించేముందు డాక్టరును అడగవలసినవన్నీ అడిగి, తెలుసుకుని, వేయించండి. అడగడం మన హక్కు.

ఎక్కడికి వెళ్లాలి? కర్నూలులో 1957లో వెలసిన వైద్య కళాశాలకు అనుబంధమైన పెద్దాసుపత్రి ఉంది, కడపలో 2006లో మొదలైన వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. రెండుచోట్లా చర్మవ్యాధుల విభాగానికి వెళ్లవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సుఖవ్యాధులకు "సురక్ష క్లినిక్" అని పేరుపెట్టిన గదులుంటాయి, అక్కడ సలహా ఉచితం, పేరు బయటికి రాదు. ఇంటినుంచి కదలలేనివాళ్లు 1097కి ఫోను చేసి తెలుగులో అడగవచ్చు, దానికీ డబ్బు లేదు. చీటీ రాసే కిటికీ దగ్గర పదిమంది వింటుండగా ఏమని చెప్పాలా అని బెంగపడకండి. "చర్మం డాక్టరు" అంటే చాలు. ఆడ డాక్టరే చూడాలని అడగవచ్చు. లోపలికి వెళ్లాక "కింద పులిపిర్లు లేచినాయి" అనండి. ఇదివరకు పూసిన ట్యూబులు, సీసాలు ఏవైనా ఉంటే సంచిలో వేసుకుని వెళ్లండి. సున్నం పెట్టి ఉంటే అదీ చెప్పండి, ఎవరూ కోప్పడరు.